గీశారా, చెక్కారా, ముద్రించారా?

ప్రశ్న: జర్మన్ చిత్రకారిణి కేతే కోల్విట్స్ ‘నేతగాళ్ల తిరుగుబాటు’ చిత్రమాల గురించి వ్యాసం రాస్తున్నాను. ‘గీసిన చిత్రాలు’ అని రాస్తే ఒక మిత్రుడు ‘చెక్కిన’ అని దిద్దారు. మరొకరు ‘ముద్రించిన’ అనాలన్నారు. ఏది సరైనది? ‘నేతగాళ్లు’ అనడం అగౌరవమా?

జవాబు: మూడూ మంచి క్రియలే. అయితే ఆమె చేతులు ఏ పని చేశాయో చూసుకుని క్రియను ఎంచుకోవాలి.

1844లో అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యాలోని సైలీషియా ప్రాంత నేతపనివారు షావుకార్ల మీద తిరగబడ్డారు. ఆ ఘటనపై హౌప్ట్‌మన్ రాసిన నాటకాన్ని 1893లో చూసి, కోల్విట్స్ 1897 నాటికి ఆరు చిత్రాలు పూర్తిచేశారు. వాటిలో మొదటి మూడు రాతి అచ్చులు, అంటే లిథోలు. నున్నని రాతిపై జిడ్డు ఉన్న సుద్దతో బొమ్మ వేస్తారు. తడిపిన రాయి సిరాను పట్టదు, జిడ్డు పట్టుకుంటుంది. ఇక్కడ ఉలితో పనే లేదు కాబట్టి ‘రాతిపై గీసి అచ్చువేశారు’ అనాలి. చివరి మూడు లోహపు రేకు మీద చేసినవి. రేకుకు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ఉంచితే గీసినచోటల్లా ఆమ్లం లోహాన్ని తినేస్తుంది. ఆ పల్లాల్లో నిలిచిన సిరా కాగితానికి ఎక్కుతుంది. దీనికి ‘ఆమ్లంతో కొరికించి’ అనే మాట నాకు నచ్చుతుంది, పని ఎలా జరిగిందో కళ్లకు కడుతుంది.

కాబట్టి ఈ ఆరింటికీ ‘చెక్కిన’ కుదరదు. ఆమె నిజంగా చెక్కినవి తర్వాత వచ్చాయి. హత్యకు గురైన జర్మన్ సోషలిస్టు నాయకుడు కార్ల్ లీబ్‌క్నెక్ట్ భౌతికకాయం మీదికి కార్మికులు వంగి ఉన్న చిత్రాన్ని ముందు ఆమ్లంతో, తర్వాత రాతి మీద ప్రయత్నించి, చివరికి 1920 ప్రాంతంలో కొయ్య మీద చెక్కారు. అక్కడ మీ మిత్రుని దిద్దుబాటు అక్షరాలా సరైనది.

‘ముద్రించిన’ అనగానే మనకు పుస్తకం, ప్రెస్సు, ప్రచురణకర్త గుర్తొస్తారు, కళాకారిణి వెనక్కి పోతుంది. కలంకారీ అద్దకం చేసే పెడనలో ఈ తేడా ఎంత స్పష్టంగా ఉందో చూడండి: టేకు చెక్క మీద అచ్చు చెక్కేవారు ఒకరు, ఆ అచ్చుతో బట్ట మీద అద్దేవారు మరొకరు. ఇంత పదును మన భాషలో ఉండగా ‘రూపొందించిన’ అంటూ తప్పించుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. అన్నిటికీ కలిపి ఒక నామవాచకం కావాలంటే ‘అచ్చుచిత్రాలు’ అనండి.

ఇక రెండో సందేహం. వేటగాడు, అందగాడు, మొనగాడు అన్నప్పుడు ఎవరినీ కించపరచడం లేదు. మనిషి పేరుకు తగిలించినప్పుడే ‘గాడు’ తూలనాడటం అవుతుంది. నా అభ్యంతరం వేరే: ఆ మాట ఆడవాళ్లను పక్కన పెడుతుంది. మొదటి చిత్రంలో జబ్బుపడిన బిడ్డ పక్కన తల పట్టుకుని కూర్చున్నది తల్లి. నాలుగో చిత్రంలో నిద్రపోతున్న బిడ్డను వీపున మోస్తూ మగవాళ్లతో కలిసి నడుస్తున్నదీ స్త్రీయే. ‘నేతన్నలు’ అన్నా ఇదే చిక్కు. ‘నేతపనివారి తిరుగుబాటు’ అని పెట్టండి. ‘నేత కార్మికుల’ అన్నా తప్పు లేదు.