గొకుఅకు దోమేయి నిజంగా ఉండేదా? డంప్ మత్సుమొతో రిటైరయ్యాక ఏమైంది?

మీ ప్రశ్న ఇది: ఓటీటీలో 1980ల నాటి జపాన్ లేడీ రెజ్లర్ల సిరీస్ చూశారు. అందులో డంప్ మత్సుమొతో నడిపిన విలన్ గ్యాంగ్ నిజంగా ఉండేదా, ఉంటే ఆవిడ రిటైరయ్యాక ఆ గ్యాంగ్ ఏమైందని అడిగారు.

నిజంగానే ఉండేది. గొకుఅకు దోమేయి అంటే పరమ దుర్మార్గుల కూటమి. సిరీస్‌లో చూపించినది చాలావరకు జరిగిందే. కాకపోతే సిరీస్ 1988 దగ్గర ఆగిపోతుంది. నా దృష్టిలో ఆ గ్యాంగ్ గొప్పతనం అసలు తెలిసేది ఆ తర్వాతే. అక్కడ పని నేర్చుకున్న ఇద్దరమ్మాయిలు తర్వాత జపాన్ మహిళల రెజ్లింగ్‌ని భుజాల మీద మోశారు. ఆ సంగతి చెప్పడానికే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నేను టోక్యోలో కొన్నేళ్లు ఉద్యోగం చేశాను. మా టీమ్‌లో ఒసాకా ఆవిడ ఒకరు ఉండేవారు. 1985లో ఆవిడ స్కూల్ పిల్ల, డంప్‌కి ఎదురు నిలిచిన హీరోయిన్ జంట క్రష్ గ్యాల్స్ అంటే ప్రాణం. ఒకసారి వాళ్లింటికి భోజనానికి పిలిచినప్పుడు అప్పటి పత్రికల కటింగులు అతికించిన పాత ఫైలు చూపించారు. ఆ జంటలోని చిగుసా నగాయొ, లయనెస్ అసుకా ఫొటోలన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. డంప్ ఫొటో ఎక్కడ ఉంటే అక్కడ కళ్ల దగ్గర కంపాస్ ముల్లుతో పొడిచిన చిల్లులు. "అప్పుడు నిజంగానే చంపేయాలన్నంత కోపం వచ్చేది, ఇప్పుడు చూస్తే ఆవిడే అందరికంటే ఎక్కువ కష్టపడిందనిపిస్తుంది" అన్నారు. నాకు ఆ గ్యాంగ్ మీద ఆసక్తి మొదలైంది ఆ ఫైలుతోనే.

ముందు కొంచెం నేపథ్యం. ఆల్ జపాన్ విమెన్స్ ప్రో రెజ్లింగ్ అనే కంపెనీని మత్సునాగా అన్నదమ్ములు 1968లో పెట్టారు. ఫుజి టీవీలో మ్యాచ్‌లు వచ్చేవి. ఏడాది పొడవునా బస్సుల్లో ఊరూరా తిరుగుతూ షోలు. రూల్స్ కఠినం: మందు, సిగరెట్, మగవాళ్లతో స్నేహం, మూడూ నిషేధం. 25 ఏళ్లు వచ్చేసరికి రిటైర్ అయిపోవాలన్నది అక్కడ రాయని చట్టం. 1970ల చివర్లో బ్యూటీ పెయిర్ అనే జంట రెజ్లింగ్‌తో పాటు పాటలూ పాడి స్కూలు అమ్మాయిలను హాళ్లకు రప్పించింది. వాళ్లు వెళ్లిపోయాక కంపెనీ చప్పబడింది.

1980లో చేరిన బ్యాచ్‌లోనే చిగుసా నగాయొ, లయనెస్ అసుకా, కవోరు మత్సుమొతో ముగ్గురూ ఉన్నారు. ఒకే చోట తిని, ఒకే చోట పడుకుని ట్రైనింగ్ చేసినవాళ్లు. 1983లో మొదటి ఇద్దరూ క్రష్ గ్యాల్స్‌గా జతకట్టి దేశాన్ని ఊపేశారు. మత్సుమొతో భారీ మనిషి, పాటలు పాడే హీరోయిన్ జంటలోకి ఆవిడను ఎవరూ తీసుకోరు. అప్పటికి విలన్ల వైపు పెద్ద పేరు డెవిల్ మసామి. కొన్నాళ్లు మసామి గ్యాంగ్‌లో మత్సుమొతో చిన్న పాత్రల్లో తిరిగింది. 1984లో డంప్ ట్రక్కు నుంచి తీసుకున్న పేరుతో, జుట్టుకు రంగు వేసి, ముఖానికి భయంకరమైన మేకప్‌తో, చేతిలో గొలుసు, వెదురు కత్తితో డంప్ మత్సుమొతోగా కొత్త అవతారం ఎత్తింది. పక్కన క్రేన్ యూ అనే మరో రెజ్లర్. అదే గొకుఅకు దోమేయి.

విలన్ కావాలని అంత పట్టుదల ఎందుకు? తాగి ఇంట్లో గొడవ చేసే తండ్రి, నలిగిపోయే తల్లి. అమ్మను బాగా చూసుకోవాలి, ఇల్లు కట్టివ్వాలి, దానికి డబ్బు కావాలి. ఇది ఆవిడే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న సంగతి. అందంతో రాని పేరు అసహ్యంతో తెచ్చుకుంటానని నిశ్చయించుకుంది. ఆ నిశ్చయానికి కట్టుబడ్డ తీరు చూస్తే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

గ్యాంగ్ పని తీరు ఇలా ఉండేది. అందులో రిఫరీ కూడా ఒక భాగం. షిరో అబె అనే రిఫరీ పచ్చిగా వీళ్ల పక్షం. క్రష్ గ్యాల్స్ పిన్ చేస్తే, అంటే ఎదుటివాళ్ల భుజాలు నేలకు అదిమిపెడితే, మూడు లెక్కపెట్టాల్సిన చెయ్యి మెల్లగా లేస్తుంది, డంప్ పిన్ చేస్తే చకచకా మూడు కొట్టేస్తాడు. ఫోర్కుతో నుదుటి మీద పొడిచినప్పుడు ఆయన ఎటో చూస్తుంటాడు. అన్యాయం జరుగుతోందని హాల్లో పన్నెండేళ్ల పిల్లకి కూడా కనిపిస్తుంది, చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు. అందుకే హాలంతా "కాయెరె! కాయెరె!" అని గొంతు పోయేలా అరిచేది, ఇంటికి పోవే అని. ఆ అరుపు ఎంత గట్టిగా ఉంటే క్రష్ గ్యాల్స్ అంత ఎత్తుకు లేచేవారు. ఎదురుగా డంప్ లేకపోతే వాళ్లు పాటలు పాడే మరో జంటగా మిగిలేవారని నేను గట్టిగా నమ్ముతాను. 1985 ఫిబ్రవరిలో డంప్, క్రేన్ యూ కలిసి క్రష్ గ్యాల్స్ దగ్గర ట్యాగ్ టైటిల్ (జంటలకిచ్చే టైటిల్) కూడా లాక్కున్నారు.

ఇక 1985 ఆగస్టు 28, ఒసాకా జో హాల్. ఓడినవాళ్లు గుండు కొట్టించుకోవాలన్న పందెం మీద డంప్‌కీ చిగుసాకీ మ్యాచ్. మా ఆఫీసావిడ ఇంట్లో ఆ వీడియో మొత్తం చూశాను. రెజ్లింగ్ పట్టులు అందులో తక్కువే. చిగుసా నుదురు పగిలి ముఖమంతా రక్తం. లేవలేని స్థితిలో ఓడిపోతుంది. ఆ తర్వాతే అసలు భాగం. మెడకు గొలుసు, చుట్టూ గ్యాంగ్, రింగ్ మధ్యలో కత్తెరతో, మెషీన్‌తో జుట్టు తీసేస్తుంటారు. కెమెరా జనం వైపు తిరిగినప్పుడు స్కూలు పిల్లలు ఒకరినొకరు పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటారు. కొందరు చూడలేక ముఖం చేతుల్లో దాచుకుంటారు. మా ఆఫీసావిడ పక్కనే కూర్చుని, అన్నేళ్ల తర్వాత కూడా, ఆ ఘట్టం రాగానే లేచి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయారు.

నాకు ఆ వీడియోలో మరిచిపోలేనిది డంప్ ముఖం. కత్తెర పట్టుకున్నంతసేపూ ఒక్క క్షణం కూడా మెత్తబడదు. తన కాళ్ల కింద ఉన్నది తన బ్యాచ్ స్నేహితురాలు. కొంచెం జాలి కనిపించినా ఆ హాల్లోని ఏడుపుకి విలువ పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

రింగ్ బయట దీనికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ఉత్తరాల్లో బ్లేడ్లు పెట్టి పంపేవారట, ఆవిడ తల్లిదండ్రుల ఇంటి మీద రాళ్లు వేసేవారట. విలన్లకూ హీరోయిన్లకూ బస్సులు కూడా వేరు. పాత స్నేహితులతో బయట నవ్వుతూ కనిపించకూడదు. మన దగ్గర సూర్యకాంతంగారి నటన చూసి జనం ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే మానేశారని అంటారు కదా, డంప్ పరిస్థితి అంతకు నాలుగింతలు. సూర్యకాంతంగారు ఎంత మంచి మనిషో చెప్పేవాళ్లు చుట్టూ ఉండేవారు. డంప్ మాత్రం తాను మంచిదాన్నని ఎవరికీ తెలియనివ్వలేదు. రిటైరయ్యేదాకా ఆ ముసుగు తీయలేదు.

మరుసటి ఏడాది నవంబర్ 7న అదే హాల్లో మళ్లీ అదే పందెం. ఈసారి డంప్ ఓడి గుండు కొట్టించుకుంది. 1986లోనే డంప్, ఆవిడ గ్యాంగ్‌లోని బుల్ నకానొ అమెరికా వెళ్లి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ)లో డెవిల్స్ ఆఫ్ జపాన్ పేరుతో ఆడారు. 1988 ఫిబ్రవరిలో కవాసాకిలో డంప్ రిటైర్మెంట్. మరుసటి ఏడాది క్రష్ గ్యాల్స్ ఇద్దరూ తప్పుకున్నారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. క్రేన్ యూ 1985లోనే వెళ్లిపోయింది, ఆ స్థానంలోకి వచ్చిందే బుల్ నకానొ. 1983లో రింగులోకి దిగేటప్పటికి పదిహేనేళ్ల పిల్ల. విలన్ కావాలని ఆమెకు ఏ కోశానా లేదు. డంప్ పిలిచింది, కాదనడం కుదరలేదు, ఒక వైపు తల పూర్తిగా గొరిగించేశారు. ఆ వయసు అమ్మాయికి అది ఎంత బాధో ఊహించుకోండి. అలా బలవంతంగా లోపలికి వచ్చిన పిల్ల, డంప్ వెళ్లిపోయాక గొకుమొన్‌తో అనే సొంత గ్యాంగ్ పెట్టి నడిపించింది. అప్పటికి క్రష్ గ్యాల్స్ లేరు, హాళ్లు ఖాళీ, ద్వేషించడానికి వచ్చే స్కూలు పిల్లలూ లేరు. విలన్‌గా అరిపించుకుంటే సరిపోదని బుల్‌కి అర్థమైంది. తానే గొప్ప రెజ్లర్ కావాలి. నిటారుగా నిలబెట్టిన జుట్టు, నీలం మేకప్, చేతిలో నంచాకు అన్నీ అలాగే ఉంచుకుని, ఆ భారీ శరీరంతో మూన్‌సాల్ట్, అంటే తాడు మీది నుంచి వెనక్కి పల్టీ కొట్టి ఎదుటివాళ్ల మీద పడడం, నేర్చుకుంది. 1990 జనవరి 4న కంపెనీలో అన్నిటికంటే పెద్దదైన డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూఏ టైటిల్ గెలిచి దాదాపు మూడేళ్లు నిలబెట్టుకుంది.

ఆమెకు ఎదురు నిలిచింది కూడా గొకుఅకు దోమేయి పిల్లే, అజా కాంగ్. జపాన్ తల్లికీ నల్లజాతి అమెరికన్ సైనికుడికీ పుట్టిన అమ్మాయి. చిగుసా నగాయొ మీద అభిమానంతో రెజ్లింగ్‌లోకి వచ్చింది. 1986లో అడుగుపెట్టగానే కంపెనీ ఆమెను వేసింది డంప్ గ్యాంగ్‌లో, అంటే తాను ఆరాధించిన మనిషికి శత్రువుల పక్షాన. తర్వాత గొకుమొన్‌తోలో బుల్ కింద ఉండి, తిరగబడి, బైసన్ కిమురాతో కలిసి జంగిల్ జాక్ పెట్టింది. అజా ఆయుధం నూనె డబ్బా. మన కిరాణా కొట్లో కనిపించే చదరపు రేకు డబ్బాలాంటిదే. దానితో నెత్తి మీద కొడితే వచ్చే మోత హాలు చివరి వరుస దాకా వినిపిస్తుంది.

1990 నవంబర్ 14, యోకొహామాలో ఇనుప బోను లోపల వీళ్లిద్దరి మ్యాచ్. దొరికితే తప్పకుండా చూడండి. చివర్లో అజా కింద పడి ఉంటుంది. బుల్ బోను పైకంటా ఎక్కి నిలబడి, రెండు చేతులూ జోడించి ఒక్క క్షణం దణ్ణం పెట్టుకుని, అక్కడి నుంచి అజా మీదికి దూకుతుంది. విలన్ గ్యాంగ్‌లో పెరిగిన ఇద్దరే మెయిన్ ఈవెంట్. అందులో హీరోయిన్ లేదు, పాటల్లేవు. డంప్ తయారు చేసిన పిల్లలు డంప్ దాటని గీత దాటారు. రెండేళ్ల తర్వాత, మళ్లీ నవంబర్‌లోనే, కవాసాకిలో అజా చేతిలో బుల్ టైటిల్ పోగొట్టుకుంది. ఆ ఇద్దరి పోరు నిలబెట్టిన నేల మీదే 1990ల తొలి సగంలో జపాన్ మహిళల రెజ్లింగ్ కొత్త ప్రేక్షకులతో మళ్లీ వెలిగింది.

బుల్ 1994లో టోక్యో డోమ్‌లో అమెరికన్ రెజ్లర్ అలుండ్రా బ్లేజ్‌ని ఓడించి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మహిళల ఛాంపియన్ అయింది. ఆ బ్లేజ్ చేతుల మీదుగానే 2024లో డబ్ల్యూడబ్ల్యూఈ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. ఆల్ జపాన్ విమెన్స్ కంపెనీ మాత్రం 2005లో మూతపడింది. ఇప్పటి మహిళల రెజ్లింగ్ కంపెనీ స్టార్‌డమ్‌లో ఒఎదొ తాయ్ అనే విలన్ గ్యాంగ్ ఉండేది, 2024లో దాని స్థానంలో హేట్ వచ్చింది. మోసపు గెలుపులు, కుర్చీలు, గొలుసులు అన్నీ ఉంటాయి, బాగానే ఉంటాయి. కానీ ఇప్పటి ప్రేక్షకులు విలన్ టీషర్టు కూడా కొనుక్కుంటారు. 1985 నాటి భయం ఇక రాదు.

డంప్ తర్వాత మళ్లీ రింగుకు తిరిగొచ్చింది. అరవై దాటాక కూడా వెదురు కత్తి పట్టుకుని దిగుతూనే ఉంది. నేను టోక్యోలో ఉండగా మా ఆఫీసావిడ నన్ను సుయిదోబాషి స్టేషన్ దగ్గరి కొరాకుయెన్ హాల్‌కి ఒక షోకి తీసుకెళ్లారు. అయిదో అంతస్తులో చిన్న హాలు. మెట్ల పక్క గోడల నిండా అభిమానుల రాతలు. పై అంతస్తు మలుపులో ఒక చోట ఆగి, స్కూలు వదిలాక మళ్లీ రెజ్లింగ్ హాలు గుమ్మం తొక్కలేదని, డంప్ అంటే ఇప్పుడైతే ఎదురుగా నిలబడి దణ్ణం పెడతానని చెప్పారు.

సిరీస్ నచ్చింది కాబట్టి ఈ వరుసలో చూడమంటాను: ముందు 1985 ఒసాకా మ్యాచ్, తర్వాత 1986లో జరిగిన రెండోది, ఆపైన 1990 బోను మ్యాచ్, చివర 1992 కవాసాకి. రక్తం చూడలేనివాళ్లయితే మొదటిది వదిలేసి బోను మ్యాచ్ నుంచి మొదలుపెట్టండి. బుల్, అజా ఎవరో ఇప్పుడు తెలుసు కాబట్టి కథ తికమక పెట్టదు.