బడి అయ్యాక ముందు ఏరు, తర్వాత పుస్తకం

"ఈ మధ్యే టీచరుగా చేరాను. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమైపోతోంది. పుస్తకం తెరిస్తే రెండు పేజీలకే నిద్ర. చిన్నప్పటి ఈత కూడా మానేశాను. మీరంతా టైమ్ ఎలా చేసుకుంటున్నారు?" అని మీరు అడిగారు. టైమ్ సంగతి అలా ఉంచి, ముందు వరస మార్చి చూడండి. ఈత ముందు, పుస్తకం తర్వాత.

నేను ఒడిశాలో, పర్లాకిమిడికి దగ్గర్లోని ఒక ఒడియా మీడియం బడిలో లెక్కలు చెబుతాను. బడిలో పిల్లలకి గురుమాని, వీధిలో పంతులమ్మని. పగలంతా ఒడియాలో పాఠాలు, హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు. బడి వదిలే వేళకి గొంతు ఎండిపోయి, నిలబడి నిలబడి పిక్కలు పట్టేసి ఉంటాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది, తప్పులు వెతికే చూపు ఆగదు. నోటు పుస్తకాలు దిద్దిన కళ్ళతోనే కథ తెరిస్తే కథని కూడా దిద్దుతూ కూర్చుంటాం. ఇక ఆ కథ మనసుకేం ఎక్కుతుంది?

ఆ చూపుని నాకు ఆపేది నీళ్ళే. మా ఊరి పక్క నుంచే మహేంద్రతనయ పారుతుంది. మహేంద్రగిరి కొండల్లో పుట్టి వంశధారలో కలిసే ఏరు. వానలు తగ్గి నీళ్ళు తేటపడ్డాక సాయంత్రాలు రేవులో దిగుతాను. సల్వార్ కమీజుతోనే దిగుతాను, చున్నీ మాత్రం గట్టు మీదే. చీరతో అసలు వద్దు, తడిస్తే కాళ్ళకి చుట్టుకుంటుంది. మా వీధి మామ్మ ఆ వేళకే బట్టలు ఉతకడానికి వస్తుంది. నా కళ్ళద్దాలు తన కొంగున ముడి వేసుకుంటుంది. చేతులు బట్టల మీద, చూపు నా మీద. నేను కాస్త నడిమికి పోతున్నట్టు తోచిందంటే "పంతులమ్మా, ఇటు రా, ఇటు!" అని కేకేస్తుంది. ఆవిడ చిన్నప్పుడు ఎండిన ఆనపకాయ బుర్రలు నడుముకి కట్టుకుని ఇదే ఏట్లో ఈత నేర్చుకుందట. ఆవిడ రాని రోజు నేనూ దిగను. ఎంత బాగా ఈత వచ్చినా గట్టు మీద చూసే మనిషి ఉండాల్సిందే.

చాలామంది ఊపిరి బిగబట్టి ఈదుతారు, అందుకే నాలుగు బారలకే అలిసిపోతారు. ముఖం నీళ్ళలో ఉన్నప్పుడే ముక్కుతో, నోటితో మెల్లగా ఊపిరి వదిలేయాలి. తల పక్కకి తిప్పినప్పుడు పీల్చుకోవడం ఒక్కటే మిగలాలి. రోజంతా అరిచి పాఠం చెప్పిన మనిషికి ఆ పొడుగాటి నిశ్శ్వాస ఎంత హాయో చెప్పలేను. నిలబడి వాచిన కాళ్ళకి కూడా నీళ్ళ ఒత్తిడి మేలు చేస్తుంది, పిక్కల్లో నిలిచిన రక్తం పైకి కదులుతుంది. చివర్లో కాసేపు వెల్లకిలా తేలుతాను. చెవులు నీళ్ళలో మునిగి ఉంటాయి కాబట్టి గట్టు మీది మాటలేవీ వినపడవు. గోళ్ళ సందుల్లోని సుద్దపొడి ఎప్పుడు పోయిందో కూడా తెలియదు.

ఇంటికొచ్చి టీ తాగి పుస్తకం తీస్తే అప్పుడు చదువు సాగుతుంది. పాఠానికి పనికొచ్చేది ఆ వేళ చదవను. తెలుగు కథలే చదువుతాను. పగలంతా వేరే భాషలో బతికిన మనిషికి రాత్రి తెలుగు కావాలనిపిస్తుంది, ఆ ఆకలి సరిహద్దులో ఉన్నవాళ్ళకి బాగా తెలుసు. ఇక్కడ తెలుగు పుస్తకాలు దొరకడం కష్టం. శ్రీకాకుళం వెళ్ళినప్పుడు తెచ్చుకుంటాను. అక్కడే కథానిలయం ఉంది. బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు గారు 1997లో తెలుగు కథల కోసమే పెట్టిన గ్రంథాలయం అది. పాత పత్రికల్లో వచ్చిన కథలు కూడా అక్కడ భద్రంగా ఉన్నాయి. చాలా కథల్ని స్కాన్ చేసి నెట్లో పెట్టారు, ఫోన్లోనే చదువుకోవచ్చు.

బడి అయ్యాక ఓపిక ఎక్కడిది అని నీరసం వచ్చినప్పుడు నాకు మా పర్లాకిమిడి మాస్టారే గుర్తొస్తారు. గిడుగు రామమూర్తి గారు 1880లో ఇక్కడి రాజా వారి బడిలో పంతులుగా చేరారు. ఇక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలనిపించి, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. తర్వాత సవరల కోసం బళ్ళు పెట్టారు, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడిని ఒడిశాలో కలిపాక ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. నాకు మాత్రం సాయంత్రం దీపం పెట్టుకుని ఇంకొకరి భాష నేర్చుకుంటున్న ఆ పంతులే ఎక్కువ దగ్గర.

ఏటి విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. వానాకాలంలో దిగొద్దు. కొండల మీద కురిసిన వాన మన ఊళ్ళో ఎండగా ఉన్నప్పుడే వరదై వచ్చేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఈ జిల్లా ఎంత అల్లాడిందో చూశాం, కాబట్టి అక్టోబరు వచ్చేసిందని ధీమా కూడా పనికిరాదు. వరద తీశాక నిరుడు మోకాలి లోతున్న చోట ఈసారి గొయ్యి ఉండొచ్చు. ఇసుక తవ్విన చోట్లు మరీ ప్రమాదం. మా పిల్లలకి లెక్కల క్లాసులోనే చెబుతాను: ఎవరైనా మునిగిపోతుంటే మీరు దూకొద్దు, పెద్దవాళ్ళని పిలుస్తూ కర్రో, పంచో, తాడో అందించండి. మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల నూనె డబ్బా విసిరినా చాలు, దాన్ని పట్టుకుని మనిషి తేలగలడు. ఎందుకు తేలుతుందో ఘనపరిమాణం పాఠంలో లెక్క కట్టి చూపిస్తే పిల్లలు మర్చిపోరు.

నీళ్ళలో దిగలేని నెలల్లో గట్టు మీద నడుస్తాను. ఈతంత ఫలితం రాదు గానీ ఆ రాత్రి కూడా చదువు సాగుతుంది. మీరు ఏ ఊళ్ళో చేస్తున్నారో రాయలేదు. దగ్గర్లో ఏరుందా, చెరువుందా, మీతో పాటు గట్టున నిలబడేవాళ్ళు ఎవరున్నారు? అవి రాస్తే ఎక్కడ, ఎలా మొదలుపెట్టొచ్చో చెబుతాను.