వయసు మరుపా, జబ్బు మొదలా? మా ఇంట్లో పాల లెక్క దగ్గర తెలిసింది

మీ నాన్నగారు కళ్లజోడు ఎక్కడ పెట్టారో వెతుక్కుంటున్నారనీ, అడిగిందే మళ్లీ అడుగుతున్నారనీ, ఇది వయసు వల్లేనా అనీ అడిగారు. కళ్లజోడు సంగతి వదిలేయండి, అది నాకూ ఉంది. అడిగిందే అడగడం మాత్రం చూడాల్సిందే.

మాది విజయనగరం. అమ్మ ఏళ్ల తరబడి పాల లెక్క గోడ క్యాలెండరు మీదే వేసేది. అర లీటరుకి గీత, లీటరుకి ఇంటూ మార్కు. ఓ నెల ఒకే తారీఖు మీద మూడు ఇంటూలు, ఆ తర్వాత వారమంతా ఖాళీ. ఇంట్లో ఉన్న మాకెవరికీ కనబడలేదు. పాలామె చెప్పింది: "అమ్మ ఈ నెల డబ్బులు రెండుసార్లిచ్చేసింది బాబూ, ఏటో తేడాగున్నాది." చేతికి అలవాటైన పని తప్పుతోందంటే అది మామూలు మరుపు కాదు. వెనక్కి తిరిగి చూసుకుంటే ఇంకా ఉన్నాయి. పైడితల్లమ్మ గుడిలోంచి బయటికొచ్చి మూడు లాంతర్ల కూడలి దగ్గర ఎటు వెళ్లాలో తెలీక నిలబడిపోయింది. గరిట అనే మాట రాక "ఆ కలిపేది" అనేది. డబ్బు కనబడకపోతే పనిమనిషి మీద అనుమానం. మేం చాదస్తం అనుకున్నాం.

మొదట చూపించిన డాక్టరు "వయసండీ" అని బలానికి బిళ్లలు రాసి పంపేశారు. ఎనిమిది నెలలు అలాగే పోయాయి. తర్వాత విశాఖలో న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) అమ్మని గడియారం బొమ్మ గీసి అందులో పదకొండూ పది చూపించమన్నారు. మా ఊరి గడియారం ఉండే గంటస్తంభం దగ్గర పుట్టి పెరిగిన మనిషి, అంకెలన్నీ ఒక పక్కకే కుక్కేసింది. విటమిన్ బీ12, థైరాయిడ్ పరీక్షలు, తలకి స్కాన్ చేయించారు. బీ12, థైరాయిడ్ లోపాల వల్లో, డిప్రెషన్ వల్లో వచ్చిన మరుపైతే వైద్యంతో చాలావరకు తగ్గొచ్చట. అమ్మకి బీ12 తక్కువే ఉంది, కానీ ఇంజెక్షన్లయ్యాక కూడా మరుపు ఆగలేదు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు తొలిదశ అన్నారు. ఇచ్చే బిళ్ల జబ్బుని పోగొట్టదు, కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, అంతే.

మీరు డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు తేడాగా అనిపించినవన్నీ తారీఖులేసి రాసి పెట్టుకోండి. నాన్నగారికి మాత్రం మీరు పరీక్షలు పెట్టకండి. "నిన్న ఏం కూర తిన్నావో చెప్పు" అని మేం అడుగుతుంటే అమ్మ ముఖం చిన్నబుచ్చుకునేది. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి ఉన్నట్టుండి తికమకపడితే మాత్రం ఈ రాతలేవీ వద్దు, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రంలో ఇన్ఫెక్షనో, రక్తంలో సోడియం పడిపోవడమో అయ్యుండొచ్చు. ఎవరిని అడగాలో తోచకపోతే పెద్దవాళ్ల హెల్ప్‌లైను 14567 ఉంది.

వెళ్లేరోజు ఆ కళ్లజోడు వెతికి పట్టుకెళ్లండి, చెవి మిషనుంటే అదీను. డాక్టరు పెట్టే జ్ఞాపకశక్తి పరీక్షలో ప్రశ్న వినబడక జవాబు చెప్పకపోయినా మార్కులు పోతాయి.