యెరెవాన్ వాడుక మాట చెవికి అందకపోతే

ఆర్మేనియన్ భాషా పాఠ్యపుస్తకం పూర్తిచేసినా, ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లోని మిత్రుల సంభాషణ అర్థం కావడం లేదని రాశారు. దానికి కారణం పదాల కొరత కన్నా, ‘ఎ’ అనే సహాయక క్రియ వాడుకలో ‘ఆ’గా మారడమే అయి ఉంటుంది.

1. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. పుస్తకంలో ‘లావ్ ఎ’ (బాగుంది) అని చదివిన ప్రతి వాక్యాన్నీ ‘లావ్ ఆ’ అని పైకి పలికి, చెవి అలవాటుపడేవరకు సాధన చేయండి.

2. ‘అయో’కు (అవును) బదులు ‘హా’, కృతజ్ఞత చెప్పడానికి ‘మెర్సి’ తరచుగా వినిపిస్తాయి.

3. ‘ఇంచ్ కా చ్‌కా’ అంటే మాటకు మాటగా ‘ఏముంది, ఏం లేదు’, విశేషాలేమిటని అడగడమన్నమాట.

4. ‘అఖ్పెర్’ (సోదరా) అనే పిలుపు సాటి మిత్రులకే సరిపోతుంది కనుక అధ్యాపకులతో వాడకండి.

5. ‘త్సావ్ద్ తానెమ్’ (నీ బాధ నేను తీసుకుంటాను) ఎంతో ఆప్యాయమైన మాట. దాన్ని వినగానే దుఃఖవార్త అనుకోకండి.