టెక్ సందేహాలు: పద్నాలుగు ఛానళ్లకీ ఒకటే అడ్రస్!

విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక కేబుల్ కంట్రోల్ రూమ్ టెక్నీషియన్ రాశారు: "మా ఛానళ్లన్నీ ఎన్‌కోడర్ల నుంచి స్విచ్‌లోకి మల్టీకాస్ట్‌గా ఇస్తున్నాం. అన్నిటికీ 239.1.1.1 అడ్రసే. పోర్టు నంబర్లు మాత్రం 5001, 5002 అలా మార్చాం. పదకొండు ఛానళ్ల దాకా బాగానే నడిచింది. దసరాకని మరో మూడు కలిపేసరికి అన్నిట్లోనూ గళ్లు పడుతున్నాయి, సౌండ్ తెగిపోతోంది. ఎన్‌కోడర్లు పాడయ్యాయంటారా?"

ఎన్‌కోడర్లు, అంటే వీడియోని నెట్‌వర్క్‌లో పంపేలా మార్చే పెట్టెలు, శుభ్రంగా ఉన్నాయి. మల్టీకాస్ట్ అంటే ఒక్కసారి పంపినదాన్ని అడిగినవాళ్లందరికీ స్విచ్ పంచడం. ఏది కావాలో అడగడానికి వాడేదే గ్రూప్ అడ్రస్. ఈ ఫిర్యాదు నాకు కొత్త కాదు. రాసేవారి ఊరు మారుతుంది, 239.1.1.1 మాత్రం మారదు. డబ్బా తెరిచినప్పుడు లోపల ఏ అడ్రస్ ఉందో అదే వాడేయడం మనకి అలవాటైపోయింది.

5001, 5002 లాంటి పోర్టు నంబర్లని మీ స్విచ్ చూడదు. అవి తీగ పెట్టే పోర్టులు కావు, ప్యాకెట్ మీద రాసే నంబర్లు. దానికి కావలసింది గ్రూప్ అడ్రస్ ఒక్కటే. రిసీవర్‌కి కావలసింది 5003లో వస్తున్న భక్తి ఛానల్ ఒక్కటే అయినా, అది ఐజీఎంపీలో, అంటే గ్రూపు కావాలని అడిగే భాషలో, స్విచ్‌ని అడగగలిగేది "239.1.1.1 పంపు" అని మాత్రమే. స్విచ్ పద్నాలుగు ఛానళ్లూ తెచ్చి గుమ్మంలో పడేస్తుంది. అక్కర్లేని పదమూడింటినీ రిసీవరే పారబోసుకోవాలి. ఒక్కో హెచ్‌డీ ఛానల్ 8 ఎంబీపీఎస్ అనుకుంటే పదకొండుకి 88. పద్నాలుగుకి 112. మీ రిసీవర్ల వెనకున్నవి 100 ఎంబీపీఎస్ పోర్టులని మీరు పంపిన ఫోటోలోనే కనిపిస్తోంది. దీపావళి ముందు రోజు సాయంత్రం బీసెంట్ రోడ్డులోకి కారు తీసుకెళ్లినట్టే ఉంటుంది. అందుకే కొత్త మూడే కాదు, పాత పదకొండూ పాడయ్యాయి.

ఛానల్‌కో అడ్రస్ ఇవ్వండి. ఎలా ఇవ్వాలన్నది గుంటూరు బ్రాడీపేటని చూసి నేర్చుకోవచ్చు. అక్కడ 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఊరికి కొత్తగా వచ్చినవాడు కూడా ఎవర్నీ అడక్కుండా ఇల్లు చేరతాడు. మీ అడ్రస్‌లూ అలా చదవగానే అర్థం కావాలి. 239తో మొదలయ్యే అడ్రస్‌లు సంస్థల సొంత నెట్‌వర్క్‌ల కోసమే ఉన్నాయి. 1998లో వచ్చిన ఇంటర్నెట్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2365 చెప్పింది ఇదే. 239 తర్వాతి అంకెని చోటుకి పెట్టుకోండి, మూడోది పనికి, నాలుగోది ఛానల్‌కి. అప్పుడు 239.10.1.14 అంటే వన్‌టౌన్ కంట్రోల్ రూమ్, ప్రసారంలో ఉన్నది, 14వ ఛానల్. 239.10.2.14 అంటే అదే ఛానల్, మానిటర్ కోసం తీసిన కాపీ. రాత్రి రెండింటికి ఫోన్ వచ్చినా నిద్రమత్తులో చదివి చెప్పగలగాలి. మధ్యమధ్య ఖాళీలు వదలండి, పెరిగే ఛానళ్లు పెరుగుతూనే ఉంటాయి.

ఇక్కడొక గొయ్యి ఉంది. గుంటూరు నుంచి ఒక పెద్దాయన, రెండు ఎన్‌కోడర్లకి ఒకే అడ్రస్ పడి బొమ్మలు కలిసిపోతుంటే, ఒకదాన్ని 239.1.1.12 నుంచి 239.129.1.12కి మార్చారట. బొమ్మలు విడిపోయాయి గానీ రిసీవర్ పోర్టులో ట్రాఫిక్ తగ్గలేదని గగ్గోలు పెడుతున్నారు. తగ్గదు. మల్టీకాస్ట్ ఐపీ అడ్రస్‌ని మ్యాక్ అడ్రస్‌గా (స్విచ్‌లు చూసే హార్డ్‌వేర్ అడ్రస్) మార్చేటప్పుడు చివరి 23 బిట్లే అందులోకి వెళ్తాయి. ఇది 1989లో స్టీవ్ డీరింగ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1112 నుంచీ ఉన్న సంగతే. మారే బిట్లు 28 కాబట్టి అయిదు రాలిపోతాయి. అంటే 32 వేర్వేరు ఐపీ అడ్రస్‌లకి ఒకటే మ్యాక్. రెండో అంకెలో 1 అన్నా 129 అన్నా మ్యాక్ దృష్టిలో ఒకటే. మ్యాక్ చూసి పంచే స్విచ్‌లు ఇప్పటికీ బోలెడున్నాయి, అవి రెండూ కలిపే పంపుతాయి. రెండో అంకెని 127 దాటనివ్వకండి, ఈ బెడద ఉండదు.

అదే లెక్కన 239.0.0 తోనూ, 239.128.0 తోనూ మొదలయ్యేవి అసలు ముట్టుకోకండి. వాటి మ్యాక్‌లు 224.0.0 గుంపు మ్యాక్‌లే. ఆ గుంపు రూటర్లూ స్విచ్‌లూ తమలో తాము మాట్లాడుకోవడానికి ఉంది. దాన్ని స్విచ్ అడిగినా అడగకపోయినా అన్ని పోర్టులకీ పంపుతుంది. మీ సినిమా ఛానల్ కూడా ఆ బండెక్కి ఆఫీసులో ప్రింటర్ దాకా వెళ్తుంది. 8 ఎంబీపీఎస్ కేబుల్ ఛానల్ అయితే ఏదోలా నెట్టుకొస్తారు. కంప్రెస్ చెయ్యని స్టూడియో వీడియో అయితే 1080ఐ50 (ఒక రకం హెచ్‌డీ) ఒక్కటే ఒక గిగాబిట్ దాటుతుంది. అలాంటి వీడియోని నెట్‌వర్క్‌లో పంపే ఎస్‌ఎంపీటీఈ 2110 పద్ధతిలో వీడియో, ఆడియో, మిగతా డేటా దేనికదే వేరే గ్రూపు. అక్కడ ఒక్క అడ్రస్ తప్పితే స్టూడియో మొత్తం చీకటే.

ఇదంతా రిపేరు సంగతి. నాకు నిజంగా టెన్షన్ పెట్టేది వేరే ఉంది, దాని గురించి ఎవరూ అడగరు.

మల్టీకాస్ట్ గ్రూపులో చేరడానికి పాస్‌వర్డ్ లేదు. మీ స్విచ్‌లో ఖాళీ పోర్టు దొరికిన ఎవరైనా ల్యాప్‌టాప్ పెట్టి ఛానళ్లు చూడొచ్చు. అది దొంగతనమే, కానీ చిన్నది. పెద్దదేమిటంటే, ఆ అడ్రస్‌కి పంపడానికీ పాస్‌వర్డ్ లేదు. మూలా నక్షత్రం రోజు, అమ్మవారి దర్శనం లైవ్ వెళ్తోంది. బయటి నుంచి వచ్చిన కెమెరా కుర్రాడెవడో ఫైల్ కాపీ చేసుకోవడానికని మీ స్విచ్‌లో తీగ పెట్టాడు. అతని ల్యాప్‌టాప్‌లో ఏదో ప్లేయర్ పాత సెట్టింగ్‌తో 239.1.1.1కి వీడియో తోస్తోంది. మీ రిసీవర్ "ఇది పంపిందెవరు?" అని అడగదు. వచ్చింది వచ్చినట్టు ఊరంతటికీ చూపిస్తుంది. కుర్రాడికి దురుద్దేశం ఉండక్కర్లేదు, అజాగ్రత్త చాలు. దురుద్దేశం ఉన్నవాడైతే ఏం చూపిస్తాడో మీరే ఊహించుకోండి.

ఇంత చెప్పినా "మన ఊళ్లో ఎవడు చేస్తాడండీ" అంటారు. 2013 ఫిబ్రవరిలో అమెరికాలో మోంటానా రాష్ట్రపు టీవీ ఛానల్ ఒకటి, చచ్చినవాళ్లు సమాధుల్లోంచి లేచి జనం మీద పడుతున్నారని అత్యవసర హెచ్చరిక ప్రసారం చేసింది. ఎవరో హెచ్చరికల పెట్టెలోకి దూరి చేసిన పని. ఆ పెట్టెకి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంది. మీ ఎన్‌కోడర్‌ది ఇప్పుడు ఏముందో ఒకసారి చూసి రండి. రెండుసార్లు "అడ్మిన్" అని కొడితే తెరుచుకుంటే, అడ్రస్‌ల గురించి తర్వాత మాట్లాడుకుందాం.

వాడని పోర్టులు స్విచ్‌లోనే మూసేయండి. ఏ పోర్టు నుంచి ఏ ఐపీ ఏ గ్రూపుకి పంపొచ్చో యాక్సెస్ లిస్ట్‌లో రాయండి, రిసీవర్ల పోర్టుల నుంచి వీడియో ఎదురు రావలసిన అవసరమే లేదు. రిసీవర్లు ఐజీఎంపీ మూడో వెర్షన్ పలికేవైతే 232తో మొదలయ్యే అడ్రస్‌లకి మారండి. వాటిలో రిసీవర్ "ఈ గ్రూపు, ఈ ఎన్‌కోడర్ నుంచి మాత్రమే" అని అడుగుతుంది. పంపేవాడు ఐపీ కూడా దొంగది పెట్టుకోగలడు కాబట్టి యాక్సెస్ లిస్ట్ అప్పుడూ ఉండాల్సిందే. సీసీ కెమెరాలు, ఆఫీసు వైఫై ఇదే స్విచ్ మీద నడుస్తుంటే కనీసం వీలాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) వేరు చేయండి. స్విచ్‌లో ఖాళీ ఉంది కదా అని కెమెరాలు తగిలించే ఆలోచన ఎవరిదో గానీ, ఆ పొదుపులో మిగిలేది తలనొప్పే.

*

విజయవాడ నుంచే ఇంకొకరు: "స్నూపింగ్ ఆన్ చేస్తే ఛానల్ నాలుగు నిమిషాలు వచ్చి ఆగిపోతోంది. ఆఫ్ చేస్తే బాగుంది. ఆఫ్‌లోనే ఉంచమంటారా?"

వద్దు. స్నూపింగ్ అంటే ఏ పోర్టుకి ఏ గ్రూపు కావాలో స్విచ్ ఐజీఎంపీ మాటలు విని గుర్తుపెట్టుకోవడం. మీ నెట్‌వర్క్‌లో క్వెరియర్ లేదు. "ఈ గ్రూపు ఇంకా ఎవరికైనా కావాలా?" అని 125 సెకన్లకోసారి అడగాల్సిన పెద్దమనిషి అది. అడిగేవాడు లేకపోతే రిసీవరూ పలకదు, 260 సెకన్లు చూసి స్విచ్ దాన్ని జాబితాలోంచి తీసేస్తుంది. మీ నాలుగు నిమిషాలు అదే. ఒక స్విచ్‌లో క్వెరియర్ ఆన్ చేయండి.

*

గుంటూరు అరండల్‌పేటలో చిన్న స్టూడియో నడిపేవారు: "ఎన్‌కోడర్ అప్‌డేట్ అడుగుతోంది. చేయాలా, వదిలేయాలా?"

చేయాలి, తిట్టుకుంటూనే. ఈ రకం పెట్టెలు తయారుచేసేవాళ్ల మీద నా కోపం ఏమిటంటే, భద్రత కోసం ఇచ్చే సవరణనీ, ఎవరూ అడగని కొత్త మెనూనీ ఒకే మూటలో కట్టి, పైన "పలు మెరుగుదలలు" అని రాసి వదులుతారు. కొన్ని పెట్టెలు అప్‌డేట్ అయ్యాక చెప్పాపెట్టకుండా సెట్టింగులన్నీ మొదటికి తెచ్చేస్తాయి. నిన్నటిదాకా 239.10.1.3గా ఉన్నది పొద్దున్నే 239.1.1.1 అయి కూర్చుంటుంది. పక్కనున్న పెట్టెకీ అదే గతి పడితే రెండు ఛానళ్ల బొమ్మలూ ఒకదానిమీదొకటి. పై ఉత్తరాల్లో కొన్ని ఇలా పుట్టినవే అని నా అనుమానం.

ముందు సెట్టింగుల ఫైల్ పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. మీ ఎన్‌కోడర్‌కి స్ట్రీమ్ పోర్టు, మేనేజ్‌మెంట్ పోర్టు వేరుగా ఉంటే స్ట్రీమ్ తీగ పీకేసి అప్‌డేట్ చేయండి. ఒకటే పోర్టయితే స్విచ్‌లోంచి తీసి ల్యాప్‌టాప్‌కి నేరుగా తగిలించండి. రీస్టార్ట్ అయ్యాక అడ్రస్, పోర్టు, పాస్‌వర్డ్ మూడూ మీ కాగితంతో సరిచూసుకుని, అప్పుడే తీగ వెనక్కి పెట్టండి. కాగితం లేదంటారా, అయితే ఈ రోజు అప్‌డేట్ వద్దు, కాగితం రాసుకుని రేపు చేయండి.