పాఠకుల ప్రశ్నలకు జవాబులు: కైకిలి (కూలి) కోసం కట్టిన సంఘాలు

ప్రశ్న: మా అమ్మమ్మది జగిత్యాల దగ్గరి పల్లె. దొర గడీలో (కోటలాంటి ఇంట్లో) చేసిన వెట్టి గురించి, ‘సంఘం వచ్చినంక’ కైకిలి పెరగడం గురించి ఆమె తరచుగా చెబుతుంది. తెలంగాణ సాయుధ పోరాటం 1951లోనే ముగిసిందని చదువుకున్నాము. అమ్మమ్మ పుట్టింది ఆ తర్వాతే. మరి ఆమె చెప్పే సంఘం ఏది? సంఘం పెట్టుకునే హక్కు వ్యవసాయ కూలీలకు చట్టంలో ఉందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ అమ్మమ్మగారు చెబుతున్నది ఎమర్జెన్సీ ముగిసిన తర్వాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో ఊరూరా ఏర్పడిన రైతుకూలీ సంఘం గురించే అయి ఉండాలి. అయితే ‘సంఘం’ అన్న మాట అంతకు ముప్పై ఏళ్ల క్రితమే తెలంగాణ పల్లెల్లో వేళ్లూనుకుంది. 1944 భువనగిరి మహాసభ తర్వాత కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వచ్చిన ఆంధ్ర మహాసభను జనం ‘సంఘం’ అనే పిలిచారు. జనగామ తాలూకా కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. ఆయన ఊరేగింపులో నడిచింది ఆ సంఘం కార్యకర్తగానే.

ఆ పోరాటాన్ని మనం ఎక్కువగా భూమి పోరాటంగానే చెప్పుకుంటాము. అది నిజమే గాని, సగం నిజం. తన చెలకలో అదను దాటిపోతున్నా ముందుగా దొర పొలం దున్నవలసి రావడం, పెళ్లికో చావుకో తీసుకున్న అప్పు కింద తండ్రి భగేలాగా (అప్పుకు కట్టుబడి చాకిరి చేసే మనిషిగా) చేరితే అదే అప్పు కొడుకు మెడకు చుట్టుకోవడం – ఇవన్నీ శ్రమకు సంబంధించిన అన్యాయాలు. అందుకే సంఘం పట్టు దొరికిన ఊళ్లలో భూమి పంపకం కంటే ముందే వెట్టి ఆగింది, కైకిలి పెరిగింది. 1948లో సైనిక చర్య తర్వాత దొరలు అనేక చోట్ల మళ్లీ ఊళ్లకు చేరుకున్నారు. పైగా ఆ పోరాటం నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో ఉన్నంత బలంగా ఉత్తరాన లేదు. కరీంనగర్ జిల్లా పల్లెల్లో గడీల పెత్తనం 1970ల దాకా సాగడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆ పెత్తనాన్ని ఎదిరిస్తూ 1978 సెప్టెంబర్‌లో జరిగిన జగిత్యాల జైత్రయాత్ర అనే భారీ ఊరేగింపుకు చుట్టుపక్కల పల్లెల నుంచి వేల మంది తరలివచ్చారు. వెట్టి రద్దు కావాలని, ఏడాది జీతగాళ్ల జీతాలు, రోజు కూలి పెంచాలని, పంచాయితీల పేరుతో దొరలు వసూలు చేసిన దండుగలు (జరిమానాలు) తిరిగి ఇవ్వాలని, బంజర్లు పేదలకు దక్కాలని వారు కోరారు. ఈ కోరికలను సాధించుకున్న పద్ధతిని వివరంగా చెప్పుకోవాలి. వరినారు మడిలో సుమారు నెల రోజులకు మించి ఉంటే ముదిరిపోతుంది; ముదురు నారు నాటితే పిలకలు తగ్గి దిగుబడి పడిపోతుంది. దుక్కి, దమ్ము పూర్తయి, నీళ్లు పెట్టిన పొలం సిద్ధంగా ఉన్న ఆ కొద్ది రోజుల్లో ఊరంతా ఒక్కమాట మీద నాట్లు ఆపితే, ఎంత పెద్ద భూస్వామి అయినా బేరానికి రాక తప్పదు. చేతిలో గుంట భూమి లేని కూలీకి ఉన్న అసలు బలం ఇదే. మొండికేసిన దొరలకు చాకలి, మంగలి మొదలు జీతగాళ్ల వరకు పని మానేసి సాంఘిక బహిష్కరణ విధించిన ఊళ్లు కూడా ఉన్నాయి. ప్రభుత్వం అదే ఏడాది అక్టోబర్‌లో ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కూలి అడిగిన మనుషులకు అరెస్టులతో, పోలీసు క్యాంపులతో బదులు చెప్పడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

వెట్టికి వ్యతిరేకంగా ఊరంతా ఏకం కావడం సులువయింది గాని, కైకిలి దగ్గర చిక్కు వచ్చింది. రెండెకరాల రైతు తన నాట్లకు నలుగురు కూలీలను పిలుస్తాడు, మరుసటి వారం తానే ఇంకొకరి పొలంలో కూలికి పోతాడు. రైతును, కూలీని ఒకే పేరు కింద కలిపిన సంఘం ఇలాంటివారిని దూరం చేసుకోకుండా రేటు నిర్ణయించవలసి వచ్చింది. భూస్వామిని నిలదీయడం కంటే ఇది కష్టమైన పని అని నా అభిప్రాయం.

ఇక హక్కు సంగతి. పరిశ్రమల కార్మికులకు ఉన్న సంఘ నిర్మాణ హక్కు వ్యవసాయ కార్మికులకూ ఉండాలన్న 1921 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాన్ని భారతదేశం 1923లోనే ఆమోదించింది. సంఘంగా ఏర్పడే స్వేచ్ఛను రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇస్తుంది, వెట్టిని 23వ అధికరణం నిషేధిస్తుంది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం తన నిర్వచనంలో భగేలా, జీత, పాలేరు, వెట్టి పద్ధతులను పేరుపేరునా చేర్చింది. ఆ కట్టుబాటుకు మూలమైన అప్పులు రద్దయినట్టేనని స్పష్టం చేసింది. అడ్వాన్సు తీర్చలేదన్న సాకుతో ఎవరినైనా పని వదిలి వెళ్లనివ్వకపోతే, ఈ చట్టం కింద జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. అప్పు కాగితం చూపించి విడుదలైన మనిషిని మళ్లీ పనికి లాక్కుపోవడం కూడా నేరమే.