తిరుపతి-చిత్తూరు రోజూ తిరగడానికి: లీజా, కొనుగోలా?

రోజూ తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లిరావడానికి కారును ఐదేళ్లు లీజుకు తీసుకోవాలా, లోను పెట్టి కొనాలా అని అడిగారు. మీకు లెక్క తేలకపోవడానికి కారణం, నెలకు 26,000 లీజు అద్దెను 20,758 ఈఎంఐ పక్కన పెట్టి చూడటం. అద్దెలో ఇన్సూరెన్సు, సర్వీసు, జీఎస్టీ కలిసే ఉన్నాయని మీరే రాశారు. ఈఎంఐలో అవేవీ లేవు.

అందరూ వదిలేసేది కిలోమీటర్ల పరిమితి. మీ కొటేషన్‌లో నెలకు 1,500 కి.మీ., దాటితే కి.మీ.కు 8 రూపాయలు.

1. రానుపోను దాదాపు 140 కి.మీ. 25 రోజులకు 3,500.
2. అదనం 2,000 కి.మీ. అంటే నెలకు 16,000.
3. అంటే నెలకు నిజంగా పడే అద్దె 42,000. ఐదేళ్లకు 25.2 లక్షలు, చివర్లో బండి కూడా వాళ్లదే.

కొంటే: ముందు కట్టే 2 లక్షలు, 10 లక్షల లోను మీద 9 శాతంతో 60 ఈఎంఐలు 12.45 లక్షలు. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లకు 3 లక్షలు వేసుకోండి. మొత్తం 17.45. రెండు లక్షల కి.మీ. దాటిన బండికి మంచి రేటు రాదు, 2.5 లక్షలే వచ్చినా నికరం 15 లక్షల లోపే. డీజిల్ రెండింటికీ సమానం, లెక్కలోకి తేవద్దు.

కాబట్టి కొనండి. నెలకు 1,500 లోపు తిరిగేవాళ్లకైతే లీజు ఆలోచించదగ్గదే.

ఒకవేళ లీజుకే వెళ్తే నంబర్ ప్లేటు ఏ రాష్ట్రానిదో ముందే అడగండి. చెన్నై, బెంగళూరు కంపెనీలు టీఎన్ (తమిళనాడు), కేఏ (కర్ణాటక) నంబరు బండి ఇస్తే, 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఏపీ నంబరుకు మార్చాలి. అప్పుడు ఇక్కడి లైఫ్ టాక్స్ ఎవరు కడతారో అగ్రిమెంటులో రాయించుకోండి.